నీళ్ళ వంతు

ఒకే కాలవ మీద రెండు ఊళ్ళు ఉండేవి. పైనున్నది ఎగువూరు, సముద్రం వైపున్నది దిగువూరు. కాలవకి నీళ్ళొదిలిన రోజు నుంచి కోతల దాకా రెండు ఊళ్ళకీ పడేది కాదు. ఎగువూరి తూములు తీసి ఉన్నంతసేపూ దిగువూరికి చుక్క దిగదు. రాత్రిళ్ళు దిగువూరి కుర్రాళ్ళు లాంతర్లు పట్టుకుని గట్టెంట వచ్చి ఎగువూరి తూములు దించేసి పోయేవాళ్ళు. తెల్లారేసరికి ఎగువూరి వాళ్ళు మళ్ళీ ఎత్తేవాళ్ళు. మధ్యలో నలిగేవాడు లస్కరు. గట్టు మీద తిరగడం, తూములు చూసుకోవడం అతని ఉద్యోగం. రెండు ఊళ్ళ తిట్లూ అతనికి కంఠతా వచ్చు.

ఒక కార్తీకంలో, వరి కంకి బరువెక్కి తల వాల్చిన రోజుల్లో, సముద్రం లేచి ఊరి మీదికొచ్చింది. ఉప్పెన దిగువూరిని ఊడ్చుకుపోయి, ఎగువూరి పొలిమేరలో మెరక దగ్గర ఆగింది.

ఆ తెల్లవారుజామున ఎగువూరికి పాత తగాదా గుర్తు రాలేదు. తాటిచెట్ల మీద, తుమ్మకొమ్మల్లో ఇరుక్కుని ఉన్నవాళ్ళని దించుకొచ్చారు. పోయినవాళ్ళని సొంతవాళ్ళలాగే సాగనంపారు. గాదెలు తెరిచారు. పెళ్ళిళ్ళ గుండిగలు బయటికి తీసి బళ్ళో వంటలు మొదలెట్టారు. నెల రోజులు ఆ పొయ్యి ఆరలేదు. ఆ తర్వాత తాటాకు, వాసాలు బళ్ళకెత్తుకెళ్ళి సంక్రాంతి లోపు దిగువూరిలో ఇళ్ళకి కప్పులు వేయించారు. అన్నిట్లోనూ ముందున్నది ఎగువూరి మునసబు. మొదటి పడవ కట్టు విప్పింది ఆయనే. చివరి కప్పు పడ్డాక రచ్చబండ మీద కూర్చుని, "మన ధర్మం మనం నెరవేర్చాం" అన్నాడు. అందరూ అవునన్నారు.

జ్యేష్ఠంలో కాలవకి నీళ్ళొచ్చాయి. ఎగువూరు ఇచ్చిన విత్తనాలే దిగువూరి వాళ్ళు నారుమళ్ళలో చల్లుకున్నారు. మొలక లేచింది. ఐదో రోజుకి ఆకు కొసలు ఎర్రబారాయి, పదో రోజుకి మడంతా మాడిపోయింది. లస్కరు వచ్చి గట్టు మీద గొంతుక్కూర్చుని మడిలో నీళ్ళు వేలితో ముట్టుకుని నాలిక మీద వేసుకున్నాడు. ఉమ్మేశాడు.

"సముద్రం ఇంకా పోలేదు మామా" అన్నాడు ఆ మడి రైతుతో.

"ఎలా పోతుంది?"

"కడగాలి. చేను నిండా మంచినీళ్ళు పెట్టి, నాలుగు రోజులుంచి, మురుక్కాలవలోకి దించెయ్యాలి. మళ్ళీ పెట్టాలి. మళ్ళీ దించాలి. ఎన్నిసార్లంటే నేను చెప్పలేను."

"నీళ్ళేవీ?"

ఇద్దరూ కాలవ ఎగువకి చూశారు.

ఆ సాయంత్రం లస్కరు ఎగువూరి రచ్చబండ దగ్గరకెళ్ళి సంగతి చెప్పాడు. మునసబు ఓపిగ్గా విన్నాడు. "బియ్యం అడగమను, ఇంకో పది బస్తాలు పంపుతాను. గుడ్డలు అడగమను. కానీ వంతు ఎలా వదులుకుంటామయ్యా? మా ఊడ్పులు వెనకబడితే పైరు సరిగ్గా తుఫాన్ల వేళకి పొట్ట మీద ఉంటుంది. వాళ్ళని బతికించబోయి మేం మునగమంటావా?" అన్నాడు. ఆయన చెప్పిన దాంట్లో అబద్ధమేమీ లేదు.

ఎగువూరి మొదటి తూము కింద ఒక ముసలామెకి రెండెకరాలుంది. మొగుడు లేడు, కొడుకు పట్నంలో ఉంటాడు. ఆమె ఆ మాటలన్నీ అరుగు చివర నిలబడి విన్నది.

"మునసబు బాబూ, మనం పెట్టిన బియ్యం గాదెలో మిగిలినవి. వాళ్ళిప్పుడు అడుగుతున్నది మనకి మిగలనిది" అని, లస్కరు వైపు తిరిగి, "అబ్బాయ్, నా తూము దించెయ్" అంది.

"నీ ఒక్కదాని నీళ్ళు కిందికి చేరతాయా అత్తా? మధ్యలో వాళ్ళు లాగేసుకుంటారు."

"లాక్కోనీ. వాళ్ళు లాక్కుంటుంటే నేను గట్టు మీద కూర్చుని చూస్తా."

అన్నట్టే మర్నాడు పొద్దున్న గొడుగు పట్టుకుని వచ్చి కూర్చుంది. ఎవరినీ ఏమీ అనలేదు. రెండో తూము రైతు ఆమె ముందు నుంచి చేలోకి వెళ్ళాలి. ఒక రోజు వెళ్ళాడు, రెండో రోజు వెళ్ళాడు, మూడో రోజు తూము దించి ఇంటికి పోయాడు. వారం తిరక్కుండా మునసబే మళ్ళీ పంచాయితీ పెట్టాడు. పగటి నీళ్ళు ఎగువూరికి, రాత్రి నీళ్ళన్నీ దిగువూరికి అని తేల్చారు. ఆ ఏడు లాంతర్లు పట్టుకుని రాత్రంతా గట్టు మీద తిరిగింది ఎగువూరి కుర్రాళ్ళు. తమ ఊరి తూముల్ని తమవాళ్ళే దొంగచాటుగా ఎత్తకుండా కాపలా కాశారు.

దాంతో పని అయిపోలేదు. చేలల్లో పెట్టిన నీళ్ళు దిగలేదు. ఉప్పెన తెచ్చిన మేట, కూలిన చెట్లు మురుక్కాలవకి అడ్డం పడున్నాయి. ఉప్పు ఎక్కడిదక్కడే ఉంది. రెండు ఊళ్ళ మగవాళ్ళూ పారలు పట్టి నడుం లోతు బురదలో దిగారు. ఆడవాళ్ళు తట్టలు అందుకున్నారు. నీరు కదిలాక దిగువూరి వాళ్ళు జీలుగ చల్లారు. అది నడుమెత్తు ఎదిగాక కలియదున్నాలంటే వాళ్ళకి ఎద్దుల్లేవు, ఉప్పెనలో పోయాయి. ఎగువూరు ఎద్దుల్ని బదులుకిచ్చింది. అరకకి రెండు రోజులు దున్నిపెడితే, కోతల్లో రెండు రోజులు కోసిపెట్టాలి. ఊరికే ఇస్తామంటే దిగువూరి వాళ్ళు తీసుకోలేదు. ఆ లెక్క పెట్టమన్నది వాళ్ళే.

ఆ ఏడు ఎగువూరిలో పంట తగ్గింది. దిగువూరిలో గింజ లేదు, జీలుగ మాత్రమే. రెండో ఏడు దిగువూరిలో సగం చేలు పండాయి. మూడో ఏడు ఊడ్పుల ముందు లస్కరు మడిలో నీళ్ళు నాలిక మీద వేసుకుని ఉమ్మెయ్యకుండా మింగాడు. పక్కనున్న మునసబు కూడా వంగి రుచి చూశాడు.

ఆ సంక్రాంతికి దిగువూరి వాళ్ళు కొత్తబియ్యం బుట్టల్లో పెట్టుకుని ఎగువూరి ఇంటింటికీ వచ్చారు. ముసలామె బుట్ట అందుకుని, "సరేగాని, వచ్చే ఏడు వంతుల సంగతేంటి?" అని అడిగింది. ఆ రోజే కూర్చుని మూడు రోజులు మీకు, మూడు రోజులు మాకు అని రాసుకున్నారు.

ఈ కథలో నీతి ఇది: ఆపదలో ఉన్న పొరుగువాడి ప్రాణం మన దగ్గర మిగిలిన దాంతో నిలుస్తుంది, కానీ అతను మళ్ళీ తన కాళ్ళ మీద నిలబడాలంటే మనం మన వంతులోంచి ఇవ్వాలి, అదీ అతని పంట క్యాలెండరు ప్రకారం.

కాలవ, ముసలామె నేను కల్పించినవి. ఉప్పు కల్పించింది కాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో ఆ తారీఖు ఇప్పటికీ వయసు లెక్కలకి గుర్తు: ఉప్పెనకి ముందు పుట్టాడా, తర్వాత పుట్టాడా అంటారు. అప్పుడు తెలుగువాళ్ళు స్పందించిన తీరు మన జాతి గర్వంగా చెప్పుకోదగ్గది. ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి వీధుల్లో తిరిగి విరాళాలు పోగుచేశారు. మంత్రిగా ఉన్న మండలి వెంకట కృష్ణారావు బాధితుల మధ్యే ఉండి సహాయ పనులు నడిపించారు. తర్వాతి ఏళ్ళలో తీరం వెంట తుఫాను షెల్టర్లు లేచాయి. ఇదంతా జరగబట్టే జనం బతికారు.

అయితే దివిసీమ కాలవ వ్యవస్థలో ఎక్కడుందో కూడా గుర్తు చేసుకోవాలి. విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ నుంచి బయల్దేరిన నీరు ఎన్నో ఊళ్ళ చేలు తడిపి, పులిగడ్డ అక్విడెక్టు మీదుగా నది పాయ దాటి అక్కడికి చేరాలి. శివారు భూమి అంటే అదే. సముద్రం ముందుగా తాకేదీ, మంచినీరు చివరగా అందేదీ ఒకే నేల. అలాంటి నేలని కడగడానికి కావలసిన నీరు ఏ విరాళాల పెట్టెలోనూ దొరకదు. పైనున్న రైతు చెయ్యి తూము మీద ఉంటుంది, అది దించితేనే వస్తుంది. పక్క ఊరి మనిషి చెయ్యగలిగింది పట్నం నుంచి వచ్చిన లారీ చెయ్యలేదని నేననేది ఇందుకే.

తొలిరోజు తెగువకి మన దగ్గర కరువు లేదు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్ నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోతే, ఒక జేసీబీ డ్రైవరు ఆ వరదలోకి బండి నడిపి వాళ్ళని వెనక్కి తెచ్చాడు. అదే రోజుల్లో బుడమేరుకి గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్ మునిగితే, ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో పులిహోర పొట్లాలు వచ్చాయి. వాటిని కట్టిన చేతులకి దండం పెట్టాలి. కానీ నీరు తీశాక ఇంటి ముందు ఆగిన ఆటో సంగతి చూడండి. ఇంజనులో బురద, సీట్లలో బురద, నెల తిరిగితే కిస్తీ. ఆ డ్రైవరుకి ఆ వారం కావలసింది పొట్లం కాదు, తన షెడ్డులో వరసలో ఉన్న బళ్ళని ఆపి ఈ ఆటో ముందు విప్పే మెకానిక్కు. అది కూడా వంతు వదులుకోవడమే. ముందుగా వచ్చి కూర్చున్న మామూలు గిరాకీ కూడా "నాది రేపు చూడు" అనాలి. ఈ చిన్న మాట అనడం బియ్యం సంచి ఇవ్వడం కంటే కష్టం. ఎందుకంటే దీన్ని ఎవరూ ఫొటో తియ్యరు.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగినప్పుడు కర్నూలు మునిగింది, ఆ నది ఒడ్డునే ఉన్న చేనేత ఊరు రాజోలి మునిగింది. గుంటమగ్గంలో నేతగాడు కాళ్ళు పెట్టేది నేలలో తవ్విన గుంటలో. వరద ముందు నిండేది ఆ గుంటే. బురద ఎండాక దాన్ని తవ్వి, గోడలు సరిచేసి, మగ్గం బిగించి, పడుగు పోసుకుని మొదటి చీర కోసేదాకా ఆ ఇంటికి రాబడి లేదు. దుప్పట్లు పంచడానికి వెళ్ళినవాళ్ళు ఆ గుంటలోకి తొంగి చూడరు. చూసినవాళ్ళకి ఏమివ్వాలో వేరే చెప్పక్కర్లేదు.

కథలోని బదులు లెక్క గురించి ఒక మాట. సాయం అందుకునేవాళ్ళు లెక్క పెట్టమంటే మనకి కాస్త చిన్నతనంగా ఉంటుంది, వద్దులే అంటాం. వద్దనకూడదు. అన్నీ పోయినవాడికి మిగిలింది ఒళ్ళూ, మాటా. ఆ రెండిటితో తిరిగి ఇస్తానంటే తీసుకోవాలి. అప్పుడే అతను మన ముందు తల దించుకోకుండా నడుస్తాడు, మర్నాడు ఇంకేదైనా కావలసి వస్తే అడగ్గలుగుతాడు.

ఇక ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. వరి రైతు నష్టపోతే వచ్చే పంటకి ఎదురుచూస్తాడు. కొబ్బరి రైతుకి ఆ వీలు లేదు. నాటు రకం మొక్క ఆరేడేళ్ళకి గాని కాపుకి రాదు. 2019 వానల్లో నాటిన మొక్క తొలి గెల వేసేసరికి 2025 దాటుతుంది. ఆ మధ్య కాలమంతా ఆ ఇంట్లో పిల్లల ఫీజులున్నాయి, అప్పుల వడ్డీ ఉంది, ఊరు వదిలి వలసపోదామా అనే ఆలోచన ఉంది. వీళ్ళకి కావలసిన సాయం కూడా ఆరేడేళ్ళదే: అంతరపంటకి విత్తనం, ఎండల్లో మొక్కకి నీళ్ళు మోసే మనిషి, పిల్లాడి చదువు ఆగకుండా చూసే ఒక కుటుంబం.

వచ్చే తుఫానుకి మీ ఊళ్ళోనో, కాలనీలోనో, అమెరికాలో మీ తెలుగు సంఘంలోనో చందా పుస్తకం తెరుస్తారు. పోగైన డబ్బులో సగం మాత్రమే ఆ నెల ఖర్చుపెట్టండి. మిగతా సగం ఏరువాకకి ముందు తియ్యడానికి అట్టేపెట్టండి. సంక్రాంతి వెళ్ళాక ఇద్దరు మనుషులు ఉత్తచేతులతో ఆ ఊరు వెళ్ళి, ఇంటింటా గడపలో కూర్చుని ఇప్పుడేం కావాలో అడిగి రాసుకురావాలి. వెళ్ళే ఆ ఇద్దరి పేర్లూ చందా పుస్తకం మొదటి పేజీలోనే రాసుకోండి.