ముందు ఓడినవారి పాట

అమెరికాలో ఆదివారాలు వృత్తి ఆటగాళ్ల లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌వి. బంతిని చేతబట్టి పరుగెత్తే ఆ ఫుట్‌బాల్‌లో వాళ్ల నేర్పు అద్భుతం. నా మనసు మాత్రం శుక్రవారం రాత్రుల మీదే. టెక్సస్‌ చిన్న ఊళ్లలో హైస్కూలు జట్టు ఆడుతుంటే ఊరంతా మైదానానికి కదులుతుంది. బంతి జారవిడిచిన కుర్రాడు పక్కింటివాడే. విరామంలో బాకా ఊదే అమ్మాయి వాడి క్లాసుమేటే. వీళ్లలో చాలామందికి బడితోనే ఆట ముగుస్తుంది. అందుకే అంత ప్రాణం పెట్టి ఆడతారు.

కాలేజీల్లోనైతే 1890లో మొదలైన ఆర్మీ–నేవీ పోటీ చూడండి. ఇరువైపులా సైనిక విద్యార్థులే. ఆట అయ్యాక రెండు జట్లూ ముందుగా ఓడినవాళ్ల తోటి విద్యార్థుల ఎదుటికి వెళ్లి, వాళ్ల విద్యాలయ గీతానికి నిలబడతాయి. గెలిచినవాళ్ల పాట ఆ తర్వాతే.