జ్వరం తగ్గాక నడక

ఫ్లూ జ్వరం నిన్ననో మొన్ననో తగ్గి ఉంటుంది, దగ్గు ఇంకా పోలేదు. అయినా బూట్లు వేసుకుని విశాఖలో ఆర్కే బీచ్‌కో, హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కుకో బయల్దేరే మొండిఘటాలు మనలో చాలామందే. "చెమట పడితే రొంప అదే దిగిపోతుంది" అని పక్కింటి బాబాయిగారు ధైర్యం చెబుతారు. ఆ సలహా ఈసారికి పక్కన పెట్టండి.

అరుదుగానే కావచ్చు, ఫ్లూ, కోవిడ్ వంటి వైరస్‌లు గుండె కండరానికి వాపు తెస్తాయి. ఆ సమయంలో గట్టిగా పరుగెత్తితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. కుర్రాళ్లకూ మినహాయింపు లేదు.

స్నానం చేసి, బట్టలు ఆరేసి, ఒక అంతస్తు మెట్లెక్కినా ఆయాసం రావడం లేదా? అప్పుడు చదునైన దారిలో పది నిమిషాలు నడవండి. పక్కవారితో మాట తెగకుండా మాట్లాడగలిగితే ఆ వేగం చాలు. ఆయాసం వస్తే ముక్కుతో గాలి పీల్చి, వేడి పాలు ఊదినట్టు పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదలండి.

అసలు లెక్క మర్నాడు తేలుతుంది. లేవగానే మణికట్టు దగ్గర నాడి చూసుకోండి. మామూలుకన్నా బాగా వేగంగా కొట్టుకుంటున్నా, ఒళ్లు బాగా నీరసంగా ఉన్నా ఆ రోజు విశ్రాంతే. ఫోన్‌లో పదివేల అడుగులు పూర్తికాకపోతే ఎవరూ జరిమానా వెయ్యరు లెండి.

ఉబ్బసం ఉన్నవాళ్లు, న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉండి వచ్చినవాళ్లు డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టాలి. నడుస్తుండగా ఛాతీలో నొప్పి, గుండెదడ, కళ్లు తిరగడం, ఏది వచ్చినా ఆగిపోండి, అదే రోజు డాక్టర్ని కలవండి. కూర్చున్నాక కూడా నొప్పి తగ్గకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.