తెగుటయు, తెగువయు

తెలుగున 'తెగు' అను ధాతువు చిన్నదే. దాని ప్రయోగములు పెక్కు. త్రాడు తెగును, చెరువుగట్టు తెగును, వరదకు దారి తెగును. ఇవి నష్టమును తెలుపును. తగవు తెగినదన్నచో తీర్పు కుదిరినదని భావము. దేనికైనను సిద్ధపడినవానిని తెగించినవాడందురు; ఆ గుణము తెగువ. 'అసంగము' అను వేదాంతపదమును గ్రహించుటకు ఈ అర్థభేదము మిక్కిలి ఉపకరించును.

గీతయందలి పదునైదవ అధ్యాయము సంసారమను అశ్వత్థమును అసంగమను శస్త్రముతో ఛేదింపవలెనని బోధించుచున్నది. శస్త్రము పట్టినవాడు సాధకుడు. అతడు తెగిపోయినవాడు కాడు, తెగించినవాడు. ఈ భేదమును మరచినచో వేదాంతము క్రూరవచనముగా మారును.

బస్తరు దక్షిణభాగమున శబరీనది చెంత దోర్నపాల్ అను ఊరు కలదు. అచటనుండి జగర్‌గుండకు త్రోవ సుమారు 56 కిలోమీటర్లు. 2005లో చెలరేగిన సంఘర్షణతో ఆ త్రోవ తెగి, ఏండ్ల తరబడి అట్లే యుండెను. ఊళ్లు విడిచినవారిలో కొందఱు దోర్నపాల్ శిబిరమున తలదాచుకొనిరి. కొందఱు నాటి ఖమ్మం జిల్లా అడవులకు వలస వచ్చిరి. పొలములు, వేల్పుల నెలవులు, పితరుల పేర నిలిపిన రాళ్లు వెనుక మిగిలెను.

అట్టివారితో 'మమకారము విడువుడు' అనుట ధర్మమగునా? గీతయే ఆరవ అధ్యాయమున యోగమును ఒకానొక వియోగముగా నిర్వచించినది గదా యని కొందఱనవచ్చును. అది దుఃఖసంబంధమునుండి కలుగు వియోగము. ఇంటినుండియు, నేలనుండియు బలవంతముగా కలిగినది కాదు. త్యాగమునకు త్యాగి ఇచ్ఛ మూలము. ఇతరులు హరించినదానికి త్యాగమని పేరిడుట అసత్యము.

మఱి అసంగోపదేశము ఎవరికి? ఆ దుఃఖమును విని సుఖముగా కూర్చున్నవారికే. 1900వ సంవత్సరమున లాస్ ఏంజలీసు నగరోపన్యాసమున వివేకానందస్వామి గోడను ఉదాహరించిరి: గోడకు ప్రేమయు లేదు, దుఃఖమును లేదు; ఐనను అది గోడయే. పరుల వేదన సోకని మనస్సు అసంగము కాదు, జడము. ఆ స్వామి పరంపరలోని సన్న్యాసులు 1985లో బస్తరునందలి నారాయణపురమున ఆశ్రమము నెలకొల్పి, అడవిబిడ్డలకు విద్యను, వైద్యమును అందింప పూనుకొనిరి. ఇల్లు విడిచినవారే పరుల యింటి వాకిట నిలిచిరి.

సాధకుడు తన్ను తాను పరీక్షించుకొనవలసిన తావు ఇదియే. తనలో తెగినది స్వార్థమా, లేక తోటివానితో గల బంధమా? మొదటిది తెగిననాడు రెండవది దృఢపడును. అట్లు కానిచో, తాను వైరాగ్యమని తలచునది తెగిన దారి వంటిదే. దానిగుండ ఎవరును ఎచటికిని చేరజాలరు.