తనిఖీ అవమానమా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల నుండి హజ్‌కో ఉమ్రాకో బయలుదేరే మన పెద్దల్లో చాలామందికి విమానం ఎక్కడం అదే మొదటిసారి. శంషాబాద్‌లో ఇహ్రాం బెల్టు విప్పి ట్రేలో పెట్టమంటే, చేతిసంచిలోని కత్తెర తీసేస్తే మనసు చివుక్కుమంటుంది. అల్లాహ్ గృహానికి వెళ్ళేవారిని కూడా అనుమానించాలా అని బాధపడతారు.

సోదర సోదరీమణులారా! అందరికీ వర్తించే నియమం ఎవరికీ అవమానం కాదు. మన విమానాశ్రయాల్లో స్త్రీలను స్త్రీలే, తెర చాటున తనిఖీ చేస్తారు. పర్దాకు భంగం లేదు. పైగా ప్రాణరక్షణ షరీఅత్ లక్ష్యాల్లో ఒకటి. 2009 ఏప్రిల్‌లో ఢిల్లీ విమానాశ్రయంలో మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారిని ఒక అమెరికా విమాన సంస్థ సిబ్బంది తనిఖీ చేశారు. ఆయనకు మినహాయింపు ఉంది. అయినా అభ్యంతరం చెప్పలేదు. నొచ్చుకున్నది దేశమే!

అయితే పేరు చూసి పక్కన నిలబెట్టడం వేరు. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలోని నెవార్క్‌లో నటుడు షారూఖ్ ఖాన్‌ను ఆపి ప్రశ్నించారు. తన పేరే కారణమని ఆయన వాపోయారు, అధికారులు ఒప్పుకోలేదు. అలాంటి చోట సహనమంటే నోరు మూసుకోవడం కాదు. మర్యాదగా కారణం అడగవచ్చు, మహిళా అధికారిని కోరవచ్చు, రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు.

దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా అతిగా అనుమానించడాన్ని వారించింది. ఆ ఆదేశం తనిఖీ చేసేవారికే కాదు, మనకూ ఉంది. యూనిఫాం తొడుక్కున్న ప్రతివారూ మనపై పగబట్టారనుకోవడం కూడా అనుమానమే కదా!

ఇక కత్తెర అంటారా, ఇంటి దగ్గరే పెద్ద పెట్టెలో సర్దుకుంటే సరిపోతుంది.