కొయ్యకాళ్లకు నిప్పు, నాగలికి హద్దు

యాసంగి వరి కోతలయ్యాక తెలంగాణ రైతు ముందు రెండు దారులుంటాయి: కొయ్యకాళ్లకు నిప్పు పెట్టడం, లేదా వాటిని మట్టిలో కలియదున్నడం. రెండింటిలోనూ జీవులు చస్తాయి. మరి ఒకటి పాపమనీ, ఇంకొకటి ధర్మమనీ ఎలా అంటాం? కర్రు నేలనూ అందులోని ప్రాణులనూ గాయపరుస్తుందని మనుస్మృతి పదో అధ్యాయం సేద్యాన్నే తక్కువ చేసింది. జైనుల ఉపాసకదశాంగ సూత్రం ఇంకాస్త లోతుకు వెళ్లింది. గృహస్థు మానుకోవలసిన 15 వృత్తుల్లో నేలను పగలదీయడమూ ఉంది, నిప్పు పెట్టి తగలబెట్టడమూ ఉంది. అయినా అదే గ్రంథంలో ఆనందుడనే గృహస్థు మహావీరుడి ఎదుట వ్రతం పట్టినప్పుడు 500 నాగళ్ల భూమి ఉంచుకుని, అంతకు మించనన్నాడు. హింస లేని సేద్యం లేదు గనుక ధర్మమంతా ఆ హద్దులోనే ఉందని నేను అర్థం చేసుకుంటాను. నాగలికి హద్దు గీయవచ్చు, నిప్పుకు గీయలేం. అది గట్టు దాటి పక్కవాడి చెట్టునూ కాలుస్తుంది, ఊరి ఊపిరినీ పట్టుకుంటుంది.

దున్నితే చచ్చినవి చావగా మిగిలినవాటికి తిండి మిగులుతుంది. తొలకరికి ఎర్రగా బయటికొచ్చే ఆరుద్ర పురుగు ఎక్కువ కాలం మట్టిలోనే బతుకుతుంది. కుళ్లే గడ్డి వానపాములకు ఆహారం. టన్ను వరిగడ్డి తగలబెడితే సుమారు 5.5 కిలోల నత్రజని పోతుంది. బూడిదలో పొటాష్ మిగిలే మాట నిజమే, కానీ వానపాము బూడిద తిని బతకదు. అగ్ని పవిత్రం కదా అంటారా? హోమంలో మనది మనం అర్పిస్తాం. ఇక్కడ కాలేది ఇతర ప్రాణుల కూడు. కాండం తొలుచు పురుగు చావడానికే కాలుస్తున్నామనే వాదనా నిలవదు, వేసవి దుక్కితోనూ అది చస్తుంది.

గట్టి అభ్యంతరం రైతుదే. మిషన్ కోతకు కొయ్యకాళ్లు ఎత్తుగా మిగులుతాయి, కూలీలు దొరకరు. దున్నిన వెంటనే నాటేస్తే కుళ్లే గడ్డి నత్రజనిని లాక్కుని పైరు పసుపెక్కుతుంది. నీరు పెట్టి, సూపర్ ఫాస్ఫేట్ చల్లి, రెండు మూడు వారాలు మగ్గనివ్వాలి. అదంతా ఖర్చే. అప్పుల్లో ఉన్నవాడికి పాపభీతి చెప్పి చేతులు దులుపుకోవడం అన్యాయం. ఆ అన్నం తినేది మనమందరం గనుక హింసలో మనకూ వాటా ఉంది, ఖర్చులోనూ ఉండాలి. కలియదున్నిన ప్రతి ఎకరానికీ ట్రాక్టర్ కిరాయి ప్రభుత్వ ఖజానా నుంచి ఇవ్వాలి. నిప్పు పెట్టినవాడిని తప్పుపట్టే హక్కు ఆ తర్వాతే మనకు వస్తుంది.