కరుణకు పట్టా ఎందుకు?

సేవ చేసేవాళ్లకు మనవాళ్లు చేతులెత్తి మొక్కుతారు. సేవ చేయడం చదువుకుంటామంటే మాత్రం పెదవి విరుస్తారు. కొడుకో కూతురో సాంఘిక సంక్షేమంలో డిగ్రీ చేస్తామన్నా, మాస్టర్‌ ఆఫ్‌ సోషల్‌ వర్క్‌ (ఎంఎస్‌డబ్ల్యూ)లో చేరతామన్నా ఇంట్లో ముందుగా వినిపించేది ఒకటే మాట: మంచి చేయడానికి మనసుంటే చాలదా, దానికి చదువెందుకు? ఇందులో ఉద్యోగం గురించిన దిగులు కొంత ఉన్నా, దానికంటే లోతైన ధార్మిక విశ్వాసం ఒకటి ఉంది. దయ హృదయంలో పుట్టాలి, ఫలం కోరకుండా సాగాలి, కుడిచేతి దానం ఎడమచేతికి తెలియకూడదు అని తరతరాలుగా వింటున్నాం. అలాంటిదానికి సెమిస్టర్లు, హాజరు, మార్కులు, చివర్లో జీతం తగిలిస్తే అది సేవేనా, కొలువా అన్న సందేహం న్యాయమైనదే. కాబట్టి దాన్ని నవ్వి కొట్టిపారేయకుండా జవాబు వెతకాలి. నేను చెప్పదలచిన జవాబు ఇది. ఈ చదువు కరుణను నేర్పదు, నేర్పలేదు. కరుణ చాటున దాక్కునే అహంకారాన్ని పట్టుకోవడం నేర్పుతుంది. మతాలు దాతను ఎప్పటి నుంచో అడుగుతున్నదీ అదే.

ముందు చరిత్ర చూద్దాం. 1897 మే 1న కలకత్తాలో వివేకానందుడు రామకృష్ణ మిషన్‌ను స్థాపించి, సన్న్యాసిని గుహ నుంచి కరువు ప్రాంతానికి నడిపించారు. దానితో ఏ సంబంధమూ లేకుండా, అదే ఏడాది అమెరికా దానధర్మ సంస్థల జాతీయ సదస్సులో మేరీ రిచ్‌మండ్‌ అనే కార్యకర్త, ఈ పని చేసేవాళ్లకు శిక్షణ ఇచ్చే పాఠశాల ఒకటి కావాలని వాదించారు. మరుసటి ఏడు న్యూయార్క్‌లో ఆరు వారాల వేసవి తరగతులు మొదలయ్యాయి. కాలక్రమంలో అవే కొలంబియా విశ్వవిద్యాలయపు సోషల్‌ వర్క్‌ విభాగంగా ఎదిగాయి. మన దేశంలో 1936లో బొంబాయిలో టాటా ట్రస్టు పెట్టిన పాఠశాలకు మొదటి డైరెక్టర్‌ క్లిఫర్డ్‌ మాన్‌షార్ట్‌. ఆయన నాగ్‌పాడా మురికివాడల్లో పనిచేసిన క్రైస్తవ మిషనరీ. ఆ పాఠశాలే నేటి టాటా సామాజిక విజ్ఞాన సంస్థ. భక్తి కరువై ఈ చదువు పుట్టలేదనడానికి ఈ వివరం చాలు. జీవితాన్నే సేవకు ఇచ్చిన విశ్వాసులకు కూడా కార్మికవాడల అప్పు, జబ్బు, తాగుడు, నిరుద్యోగం ఒకదానిలో ఒకటి చిక్కుకుని కనిపించాయి. ఒక చిక్కు విప్పబోతే ఇంకొకటి బిగుసుకునే చోట మంచితనం ఒక్కటే దారి చూపలేదు.

గ్రంథాలు ఏమన్నాయో చూసినా ఇదే తేలుతుంది. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో చదువు ముగించి ఇంటికి వెళ్లే శిష్యుడికి గురువు దానం గురించి చెప్పే మాటలు ప్రసిద్ధం. ఇమ్మని చెప్పి ఊరుకోడు, ఎలా ఇవ్వాలో చెబుతాడు. శ్రద్ధ ఉండాలంటాడు, సిగ్గు ఉండాలంటాడు, భయం ఉండాలంటాడు, తెలివిడి ఉండాలంటాడు. ఇచ్చేవాడికి సిగ్గూ భయమూ ఎందుకు? ఇవ్వగల స్థితిలో ఉండడమే ఒక అధికారం, ఆ అధికారం తలకెక్కుతుంది గనక. గీత పదిహేడో అధ్యాయం తిరిగి ఏమీ చేయలేనివాడికి, తగిన చోట, తగిన వేళ, పాత్రత చూసి ఇచ్చిందే సాత్త్విక దానమంటుంది. చోటు, వేళ, మనిషి తెలియాలంటే విచారించక తప్పదు. శాతవాహన రాజుకు రాసినదిగా చెప్పే రత్నావళిలో నాగార్జునుడు ఖైదీలకు క్షౌరం, స్నానం, అన్నపానాలు, మందులు, బట్టలు అమర్చాలని ఒక్కొక్కటే పేరుపెట్టి చెబుతాడు. అక్కడ కరుణ ఒక మనోభావంగా మిగిలిపోలేదు, పనుల పట్టీగా మారింది. ధర్మం విచారణను అడ్డుకోలేదు, కోరింది.

ఇంతకీ ఈ తరగతి గదుల్లో ఏం చెబుతారు? 1957లో ఫీలిక్స్‌ బీస్టెక్‌ అనే జెసూట్‌ ఫాదరీ కేస్‌వర్క్‌కు, అంటే ఒక్కొక్కరి కష్టాన్ని విడిగా చూసి సాయపడే పనికి, ఏడు సూత్రాలు రాశాడు. ఆంధ్ర, ఉస్మానియా, తిరుపతి పద్మావతి విశ్వవిద్యాలయాల వంటి చోట్ల ఎంఎస్‌డబ్ల్యూ చదివేవారెవరికైనా అవి తెలిసినవే. ప్రతి మనిషినీ విడి మనిషిగా చూడాలి. మనసు విప్పి చెప్పుకోనివ్వాలి. మన ఉద్వేగాన్ని అదుపులో ఉంచుకోవాలి. ఉన్నవాణ్ణి ఉన్నట్టు అంగీకరించాలి. తప్పొప్పుల తీర్పు చెప్పకూడదు. తన జీవితం గురించిన నిర్ణయం అతడికే వదలాలి. చెప్పింది గుట్టుగా ఉంచాలి. ఈ ఏడింటిలో ఒక్కటీ ఎదుటివాణ్ణి మార్చమనదు. అన్నీ సేవ చేసేవాడికి పెట్టిన కట్టుబాట్లే. ఫీల్డ్‌ వర్క్‌కు వెళ్లొచ్చిన విద్యార్థి రాసే నివేదికలో ఏం చూశావన్నదే కాక, ఎదుటి మనిషి ఏడిస్తే నీకెందుకు కోపం వచ్చింది, అడగకుండానే సలహా ఎందుకిచ్చావు అని కూడా సూపర్‌వైజర్‌ ప్రశ్నిస్తారు. విశ్వాసి రోజు చివర చేసుకోవాల్సిన ఆత్మవిమర్శ ఇది. ఇక్కడ అది ఇంకొకరి ఎదుట, కాగితం మీద, తప్పించుకోవడానికి వీల్లేకుండా జరుగుతుంది.

అన్ని సేవలకూ ఈ చదువు అక్కర్లేదని ముందే ఒప్పుకోవాలి. కోనసీమ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ వేళకాని వేళ వచ్చిన బాటసారికి అన్నం పెట్టడానికి ఏ పట్టా అవసరం కాలేదు. ఆకలి తనకేం కావాలో తానే చెబుతుంది, పెట్టేవాళ్లు పొరపాటుపడే అవకాశం తక్కువ. కానీ విజయవాడ లాంటి పెద్ద జంక్షన్‌లో ప్లాట్‌ఫాం మీద ఒంటరిగా పదేళ్ల పిల్లవాడు కనిపిస్తే సంగతి వేరు. జాలిగలవాడు ఇంటికి తీసుకెళ్లి పెంచుదామనుకుంటాడు, లేదా ఊరి పేరు అడిగి టికెట్‌ కొని రైలెక్కిస్తాడు. రెండూ ప్రమాదమే. మొదటిది పిల్లల అక్రమ రవాణాకు ముసుగు కావచ్చు. రెండోది, పిల్లవాడు ఏ దెబ్బలకు ఓర్వలేక పారిపోయాడో మళ్లీ అక్కడికే చేర్చవచ్చు. 2015 నాటి బాలల న్యాయ చట్టం అలాంటి బిడ్డను 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందుంచమంటుంది, ఇంటి పరిస్థితిపై సామాజిక విచారణ చేయించమంటుంది, పేరూ ఫొటో బయటపెట్టవద్దంటుంది. పిల్లవాడు పారిపోయి వచ్చిన కారణాన్ని వాడి నోటి నుంచి, వాణ్ణి భయపెట్టకుండా రాబట్టడం శిక్షణతో వచ్చే విద్య. దేశమంతటా పిల్లలు ఆపదలో ఫోన్‌ చేసే 1098 సేవ 1996లో బొంబాయిలోని ఆ టాటా సామాజిక విజ్ఞాన సంస్థలోనే ఒక క్షేత్ర ప్రాజెక్టుగా మొదలైంది. చదువు కరుణకు అడ్డుపడలేదు. కరుణ నిలబడే చోటును చూపింది.

జీతం తీసుకుంటే అది సేవ ఎలా అవుతుందన్నది మొదటి అభ్యంతరం. ఖురాన్‌ తొమ్మిదో అధ్యాయం జకాత్‌ అనే తప్పనిసరి దానం ఎవరికి చెందాలో ఎనిమిది వర్గాలుగా చెబుతుంది. నిరుపేదలు, అవసరంలో ఉన్నవారి వెంటనే వచ్చే మూడో వర్గం ఆ జకాత్‌ పనికి నియమితులైన ఉద్యోగులు. అంటే దానధనంలోంచే జీతం ఇవ్వడాన్ని దైవాజ్ఞే ఆమోదించింది. క్రీస్తు చెప్పిన మంచి సమరయుడి కథలో దారిన పడి ఉన్న మనిషికి కట్టు కట్టిన సమరయుడు మర్నాడు తన దారిన తాను వెళ్తాడు. వెళ్తూ పూటకూళ్లవాడికి రెండు దేనారాలిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానంటాడు. గాయపడ్డవాడు కోలుకోవాలంటే ఆ క్షణపు దయ ఎంత అవసరమో, డబ్బు తీసుకుని రోజూ కనిపెట్టుకుని ఉండే మనిషీ అంతే అవసరం. పైగా జీతం లేని సేవ సాధారణంగా తిండికి లోటులేనివాళ్లకే సాధ్యం. కూలివాడి కూతురు కూడా ఈ పనిలోకి రావాలంటే అది బతుకుతెరువు కాక తప్పదు.

రెండో అభ్యంతరం ఇంకా సూక్ష్మమైనది. ఉద్వేగాన్ని అదుపు చేసుకోవడం నేర్పి నేర్పి, చివరికి మనిషిని ఫైలుగా చూసే గుమాస్తాలను తయారుచేస్తున్నారని అంటారు. దీనికి బౌద్ధంలో మంచి విశ్లేషణ ఉంది. అయిదో శతాబ్దిలో బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గంలో కరుణ, ఉపేక్ష వంటి నాలుగు గుణాల్లో ప్రతిదానికీ ఇద్దరు శత్రువులుంటారన్నాడు. దూరపు శత్రువును ఎవరైనా గుర్తుపడతారు. దగ్గరి శత్రువు మాత్రం గుణంలాగే కనిపించి మోసం చేస్తుంది. కరుణకు క్రూరత్వం దూరపు శత్రువైతే, తన దుఃఖంలో తానే మునిగిపోవడం దగ్గరి శత్రువు. ఉపేక్షకు, అంటే సమచిత్తతకు, దగ్గరి శత్రువు అజ్ఞానంతో వచ్చే పట్టనితనం. బాధితురాలితో కలిసి ఏడ్చి అలసిపోయే వలంటీరూ, ఏ బాధా తాకని అధికారీ ఇద్దరూ ఈ పొరపాట్లలోనే ఉన్నారు. మంచి శిక్షణ ఈ రెండింటి మధ్య నిలబెడుతుంది, చెడ్డ శిక్షణ మొదటిదాని నుంచి తప్పించి రెండోదాంట్లో పడేస్తుంది. అభ్యంతరంలో నిజం అంతవరకే ఉంది. అది చదువులోని లోపాన్ని చూపుతుంది, చదువు అనవసరమని రుజువు చేయదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం అధికారం గురించినది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం దీనికి మన ఇంటి సాక్ష్యం. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే నేరగాళ్లుగా ముద్రవేసి, అక్కడ ఉంచి సంస్కరించే బాధ్యతను సాల్వేషన్‌ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. హాజరు పలకాలి, అనుమతి లేనిదే పొలిమేర దాటకూడదు. నడిపినవారికి భక్తి ఉంది, కష్టపడే గుణం ఉంది. ఎదుటివాడి నిర్ణయానికి మాత్రం అక్కడ చోటు లేదు. ఆ చట్టం 1952లో రద్దయినా ముద్ర ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మరి పట్టా పుచ్చుకున్న నిపుణుడు ఇదే పెత్తనాన్ని కొత్త భాషలో చేయడని హామీ ఏమిటి? 1932 నవంబరులో అంబేడ్కర్‌ అస్పృశ్యతా నివారణ సంఘం కార్యదర్శి ఠక్కర్‌కు రాసిన లేఖ ఈ ప్రశ్ననే లేవనెత్తింది. వ్యక్తుల్లో సుగుణాలు పెంచే పనుల మీద శక్తి ఖర్చుచేయకుండా, వాళ్లను అణచిపెట్టిన పరిసరాన్ని మార్చాలని, పౌరహక్కుల కోసం పోరాడాలని ఆయన కోరారు. ప్రేమ ఉన్నవాడే సేవ చేయగలడని ఒప్పుకుంటూనే, ఆ ప్రేమ అణగారిన వర్గాల నుంచి వచ్చిన కార్యకర్తల్లోనే ఎక్కువగా దొరుకుతుందన్నారు.

ఈ విమర్శకు తలవంచాల్సిందే. పేదవాడి పేదరికాన్ని అతని కర్మగానో, అతని స్వభావ లోపంగానో చూపించే పాఠం ఎంత శాస్త్రీయంగా ఉన్నా స్టూవర్టుపురానికి దారితీస్తుంది. వెట్టిలో ఉన్న మనిషికి బట్టలు పంచే కార్యకర్తకూ, 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కింద విడుదల పత్రం ఇప్పించే కార్యకర్తకూ దయలో తేడా ఉండకపోవచ్చు, ఫలితంలో ఉంది. అయితే ఆ తేడా తెలియడానికే చదువు కావాలి. పెత్తనానికి విరుగుడు అమాయకత్వం కాదు. తన పెత్తనాన్ని తాను గుర్తుపట్టగలిగేలా, తనపై ఫిర్యాదు చేసే హక్కు ఎదుటివాడికి ఉండేలా ఏర్పాటు చేసుకోవడమే విరుగుడు. ఉత్త భక్తుడు దేవుడొక్కడికే జవాబుదారీ. శిక్షణ పొందిన కార్యకర్త ఎదుట కూర్చున్న మనిషికి కూడా జవాబు చెప్పాలి.

మానవసేవే మాధవసేవ అని మనం సులువుగా అనేస్తాం. ఎదుటి మనిషిలో దేవుణ్ణి చూసి తలవంచేలా చేస్తే ఆ మాట గొప్పది. ఆ మనిషిని నా పుణ్యానికి మెట్టుగా వాడుకోనిస్తే అదే మాట అన్యాయం. ఈ డిగ్రీకి నైతిక సమర్థన ఒక్కటే: సేవకు కేంద్రం చేసేవాడి పుణ్యం కాదు, పొందేవాడి గౌరవమని అది నేర్పాలి. ఫీల్డ్‌ వర్క్‌ను సంతకాల లాంఛనంగా మార్చి, నివేదికలు ఒకరివి ఒకరు చూసి రాసుకునే చోట అది అచ్చేసిన కాగితం మాత్రమే. ఈ కోర్సులో చేరే విద్యార్థులు తమ కళాశాలను ముందుగా అడగాల్సింది ఉద్యోగాల లెక్క కాదు. ఏ బస్తీకి పంపుతారు, ఎవరు పర్యవేక్షిస్తారు, ఆ బస్తీవాళ్ల మాటకు మా మార్కుల్లో చోటుందా అని అడగండి. సరైన జవాబు దొరికిన చోట నిస్సంకోచంగా చేరండి. మీ మంచి మనసుకు ఆ చదువు అవమానం కాదు, అవసరం.