బృహస్పతి చందమామలు ఎవరి ఆజ్ఞను పాటిస్తున్నాయి?

 

ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న విశాఖపట్నంలో నక్షత్రాల మాట రెండు విధాలుగా వినిపిస్తుంది. సముద్రంపై వెళ్లేవారికి అవి దారి తెలిపే గుర్తులు. మరికొందరికి అదృష్టాన్ని పంచిపెట్టే శక్తులు. అమ్మాయికి సంబంధం కుదిరితే 'గురుబలం ఉందా?' అని వాకబు చేసేవారు, కలిసివస్తుందని పుష్యరాగం ఉంగరం తొడుక్కునేవారు మన ముస్లిం ఇళ్లలోనూ ఉన్నారు. సఫర్ నెల మొదటి పదమూడు రోజులను 'తేరా తేజీ' అంటూ శుభకార్యాలు వాయిదా వేసేవారూ ఉన్నారు. గురుడంటే బృహస్పతి గ్రహమే. ఆ గ్రహం గురించీ, దాని చుట్టూ తిరిగే పెద్ద చందమామల గురించీ మానవుడు తెలుసుకున్నదేమిటో చూద్దాం.

లెక్క తప్పని నడక

1610 జనవరిలో గెలీలియో తన టెలిస్కోపును బృహస్పతి వైపు తిప్పినప్పుడు దాని పక్కన చిన్న చుక్కలు కనిపించాయి. రోజురోజుకూ వాటి స్థానం మారుతోంది. అవి నాలుగనీ, ఆ గ్రహం చుట్టూ తిరుగుతున్నాయనీ ఆయన గ్రహించాడు. వాటినే నేడు ఐయో, యూరోపా, గనిమీడ్, కాలిస్టో అంటున్నాం. గనిమీడ్ వ్యాసం సుమారు 5,268 కిలోమీటర్లు. అంటే అది బుధగ్రహం కన్నా పెద్దది. అది ఒక చుట్టు పూర్తిచేసేసరికి యూరోపా రెండు చుట్లు, ఐయో నాలుగు చుట్లు తిరుగుతాయి. ఈ లాగుడులో ఐయో లోపలి భాగం నలిగి వేడెక్కుతుంది. అక్కడ అగ్నిపర్వతాలు ఎగజిమ్మడాన్ని 1979లో వాయేజర్-1 వ్యోమనౌక ఫొటో తీసింది. యూరోపా మంచుపొర కింద ఉప్పునీటి సముద్రం ఉందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. దాన్ని పరిశీలించేందుకు 2024 అక్టోబరులో 'యూరోపా క్లిప్పర్' నౌక బయలుదేరింది.

సూర్యచంద్రులు తమకు నిర్ణయించిన కక్ష్యలను దాటవని యాసీన్ సూరా మనకు బోధిస్తోంది. బృహస్పతి చందమామల పేర్లు ఖుర్‌ఆన్‌లో వెతకనవసరం లేదు. సృష్టిని చూసి ఆలోచించమని మాత్రం ఖుర్‌ఆన్ పదే పదే చెబుతోంది. ఆలోచిస్తే తెలిసేదొక్కటే: అవి పాలకులు కావు, ఆజ్ఞాబద్ధులు.

దారికి గుర్తులు

నెలవంకలను ప్రజలకు కాలమానంగా, హజ్ దినాలకు గుర్తుగా అల్లాహ్ చేశాడని బఖరా సూరా తెలుపుతోంది. బృహస్పతి చందమామలు కూడా ఒకప్పుడు మానవుడికి గడియారంలా ఉపయోగపడ్డాయి. ఐయో ఆ గ్రహం నీడలో మరుగయ్యే సమయాన్ని రెండు ఊళ్లవారు తమ తమ స్థానిక కాలంలో రాసుకుంటే, ఆ తేడాను బట్టి రేఖాంశం తేలుతుంది. గంట తేడా ఉంటే 15 డిగ్రీలన్నమాట. మద్రాసు వేధశాలలో జాన్ గోల్డింగ్‌హామ్ 1790లలో ఇలాంటి గ్రహణాలను గమనించి ఆ ఊరి రేఖాంశాన్ని లెక్కగట్టాడు. విశాఖపట్నంలోనూ 1840లో గోడే వెంకట జగ్గారావు డాబా గార్డెన్స్‌లో సొంతంగా వేధశాల కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు 1874లో శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటడాన్ని పరిశీలించి నమోదు చేశారు.

నేలమీదా సముద్రంమీదా చీకట్లలో దారి తెలుసుకునేందుకే నక్షత్రాలున్నాయని అన్ఆమ్ సూరా బోధిస్తోంది. ఈ విధంగా వాటిని ఉపయోగించుకోవడం ధర్మసమ్మతం. వాటి చేతిలో మన భవిష్యత్తు ఉందనుకోవడం షిర్క్‌కు దారితీస్తుంది.

పరీక్షకు నిలిచేది

హైదరాబాద్ నిజాం కళాశాలలో చదివిన వేణు బప్పు తమిళనాడులోని కావలూరులో వేధశాల నెలకొల్పారు. 1972 జూన్ 7న గనిమీడ్ ఒక నక్షత్రాన్ని మరుగుపరిచింది. కావలూరు నుంచీ, ఇండోనేషియా నుంచీ దాన్ని గమనించినవారు గనిమీడ్‌పై పలుచని వాయువు ఉందని ప్రకటించారు. 1979లో వాయేజర్ కొలిచి చూస్తే అది అనుకున్నదానికన్నా ఎంతో పలుచనని తేలింది. లెక్కను సవరించుకున్నారు. విజ్ఞానం ఇలా మళ్లీ మళ్లీ సరిచూసుకుంటుంది. మరి ఫలించని జాతకాన్ని ఎవరైనా ఇలా సరిచూశారా? 'శాంతి సరిగా జరగలేదు' అని మళ్లీ డబ్బు అడగడం తప్ప!

ఇబ్రాహీమ్ (అ) ఏం నేర్పారు?

హజ్రత్ ఇబ్రాహీమ్ (అ) నక్షత్రాన్ని, చంద్రుణ్ని, సూర్యుణ్ని ఒకదాని తర్వాత ఒకటి చూపించి, అస్తమించేది ప్రభువు కాజాలదని తన జాతికి తెలియజెప్పారు. బృహస్పతి కూడా ఉదయిస్తుంది, అస్తమిస్తుంది. దాని చందమామలు దాని నీడలోనే మాయమవుతాయి. తన నీడనైనా తప్పించలేని గ్రహం మన ఇంటి కష్టాన్ని ఎలా తప్పిస్తుంది?

దైవప్రవక్త (స) ముద్దుబిడ్డ ఇబ్రాహీమ్ మరణించిన రోజే సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ చనిపోయినందుకే గ్రహణం పట్టిందని ప్రజలు అనుకున్నారు. పుత్రశోకంలో ఉండి కూడా దైవప్రవక్త (స) ఆ మాటను సాగనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావుపుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదనీ స్పష్టం చేసి, నమాజు చేయమని బోధించారు. ప్రవక్త కుమారుడి కోసమే గ్రహణం పట్టనప్పుడు, మన అమ్మాయి నికాహ్ కోసం బృహస్పతి స్థానం చూడటం ఎంత అవివేకం!

పొరుగువారి నమ్మకాలను ఎగతాళి చేయడం మన పని కాదు. ముందుగా మన ఇల్లు సరిదిద్దుకుందాం. సంబంధం వచ్చినప్పుడు అబ్బాయి ధర్మనిష్ఠ, నడవడిక విచారించండి. పెద్దలను సంప్రదించండి. ఇస్తిఖారా నమాజు చేసి అల్లాహ్‌పై భారం వేయండి. ఉంగరానికి పెట్టే డబ్బును పిల్లల చదువుకు ఖర్చు చేయండి. వీలైతే వారికి ఒక రాత్రి బైనాక్యులర్‌లో బృహస్పతిని చూపించండి. నిలకడగా పట్టుకుంటే ఆ చందమామలు చిన్న చుక్కల్లా కనిపిస్తాయి. వాటికి భయపడటం కాదు, వాటిని నడిపేవానికి భయపడటం వారికి నేర్పండి.

అల్లాహ్ మనందరికీ ప్రయోజనకరమైన జ్ఞానాన్నీ, కల్తీలేని తౌహీద్‌నూ ప్రసాదించుగాక! ఆమీన్.